తెరమీద లేని మాట

రాహేలక్కా,

నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది. నిన్న సంచౌంగ్ పేటలో మన తెలుగువాళ్ళ చర్చి హాల్లో ఆ పాత మూగ సినిమా మళ్ళీ వేశారు. అదే, అసూయతో చెల్లెలు అక్క మీద నింద వేసి ఇంట్లోంచి గెంటించే కథ.

మన చిన్నప్పుడు తెరమీద బర్మా అక్షరాలు పడగానే, చదవలేని పెద్దవాళ్ళ కోసం నువ్వు లేచి తెలుగులో చెప్పేదానివి. చివర్లో చెల్లెలు కాళ్ళ మీద పడితే, "ఇక నీ ముఖం చూడను" అంటుంది అక్క. నువ్వు మాత్రం "నిన్నేటీ అననమ్మా, ఇంటికి రా" అని చదివేదానివి. హాలంతా ఏడ్చేది. అందరూ నిన్నే మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను. పాస్టరుగారి దగ్గరికెళ్ళి, "అక్క లేనిపోనివి చదువుతోందండీ" అన్నాను. అబద్ధం కాదు గనక ఆయన నమ్మారు. నీ పని నాకిచ్చారు. ఆ తరవాత నువ్వెప్పుడూ సినిమాకి రాలేదు. నన్నొక్క మాటా అనలేదు.

నిన్న, చూపు ఆనని నలుగురు ముసలివాళ్ళ కోసం మళ్ళీ నన్నే చదవమన్నారు. చివరి అక్షరాలు పడేసరికి నా నోట నీ మాటే వచ్చింది.

ముందు వరుసలోంచి నీ మనవరాలు వెనక్కి తిరిగింది. బర్మా బళ్ళో చదివిన పిల్ల కదా.

"ఏటి చిన్నమామ్మా, అక్కడ అలగ నేదు గదా?"

"నేదమ్మా. మీ మామ్మ అలాగే సదివీది," అన్నాను.

ఆ సినిమాలో చెల్లెలైనా అక్క కాళ్ళ మీద పడింది. నేను అదీ చెయ్యలేదు.

నీ చెల్లెలు