ఈరప్ప కడియం

అరసికెరె, 1998

నా దాసమ్మకు,

మీ అమ్మ రాసేది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

నీ జాబు అందింది. తమ్ముడు ఈరప్ప పోయాక, మెదడు బొమ్మ తీసే ఆ అయస్కాంతం మిషను దగ్గరకు వెళ్లాలంటే కాళ్లు రావడం లేదనీ, పరిశోధన మానేస్తాననీ రాశావు. మానేస్తే నా గడప తొక్కొద్దు.

నిన్న శెనక్కాయలు ఒలుస్తుంటే మీ పెదనాన్న మారప్ప అందరి ముందర అన్నాడు: "ఆ పొద్దు బెంగుళూరులో మిషనులోకి పంపేదానికి ఈరప్ప చేతి ఇనుప కడియం పీకేసినారు. మూర్ఛకు కాపలా అదే కదమ్మా! నీ కూతురి చదువే వాణ్ని మింగింది."

"బావా, కడియం ఉన్నప్పుడు చేన్లో పడలేదా? ఎద్దుల కాళ్ల కింద పడలేదా? అప్పుడు మీ ఇనుము యాడికి పోయినాది?" అన్నాను.

"దీని గుండె రాయి" అని పక్కనే ఒలుస్తున్న వెంకటక్క గొణిగింది.

"రాయేలే అక్కా. వాన లేని నేలలో ఇంకేం మొలుస్తాది?" అన్నాను.

వాణ్ని మిషనులోకి పంపిన రోజు నేను బయట నిలబడ్డాను. లోపల సుత్తితో కొట్టినట్టు ఒకటే చప్పుడు. అంతసేపు కదలకుండా ఉండడం వాడి వల్ల కాలేదు. బొమ్మ చెదిరిపోయింది, మెదడులో జబ్బు ఎక్కడుందో కనబడలేదు. కదిలే పిల్లలకు కూడా చిటికెలో బొమ్మ తీసే పద్ధతి కనిపెడతానని నువ్వు అక్కడే నా చెయ్యి పట్టుకుని అన్నావు. ఇన్నేళ్లు కష్టపడ్డావు. ఇప్పుడు పద్ధతి కుదిరింది, వాడు లేడు. అందుకని మానేస్తావా? మొన్న దొడ్డన్న మనవరాలు బడిలో పడి కొట్టుకుంది. దాని చేతిలోనూ తాళంచెవులు కుక్కారు. ఆ పిల్లను ఎవరు చూస్తారు, మారప్పా?

ముందు జబ్బు లేనివాళ్ల తల మిషనులో పెట్టి చూడాలని రాశావు. నా తల పెట్టు. వాడు పోయినప్పటి నుంచి ఆ కడియం నేనే వేసుకున్నాను. తీస్తే ఇంటికి కీడని మారప్ప బెదిరించాడు. మిషను దగ్గరకు ఇనుము రాకూడదు కదా, అందుకే పొద్దున సబ్బు రాసి లాగేశాను. చెయ్యి కమిలింది. కడియాన్ని మేకల దొడ్డి తలుపుకు తగిలించాను. తలుపునన్నా కాపాడనీ.

సోమవారం బస్సుకు వస్తున్నాను. లోపల వాడు గుర్తొచ్చి, ఏడుపుకు నా తల కదిలితే? కదలనీ. కదిలినా బొమ్మ రావాలనే కదా నువ్వు పట్టుబట్టింది.

నీకూ ఈరప్పకూ అమ్మ,
నరసక్క