ఒంటి సీటు కారు

బావగారికి నమస్కారం.

మీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు పని పూర్తయింది. కుడికాలు లేకపోయినా మళ్లీ పందెంలో నడపాలని, బ్రేకూ యాక్సిలరేటరూ చేతి లీవర్లకు మార్చమన్నారు. కానీ అక్క అడిగిన పెద్ద ఇంజిన్ పట్టేలా ముందువైపు రేకు కోసి, గేర్‌బాక్స్ వెనక్కి జరిపాక లీవర్లకు చోటు మిగల్లేదు. పక్క సీటు కూడా తీసేశాం. డ్రైవర్ సీటుకు అక్కే వచ్చి కొలతలిచ్చింది.

“మీ బావను ఎక్కించేలోపు పందెం అయిపోతుందిరా, ఒక్క సీటు చాల్లే” అంది. షెడ్డంతా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను.

ఆదివారం అక్కే నడుపుతుంది. చూడ్డానికి రండి, మెట్లు లేని వైపు కుర్చీ వేయిస్తాను.

అక్క కారు తాళంచెవి అడిగితే ఇవ్వనన్నారట. మీ దగ్గరే ఉంచుకోండి బావగారూ. కొత్త ఇంజిన్‌కు తాళం అక్కర్లేదు, బొత్తాం నొక్కితే చాలు.

మీ బావమరిది