చుక్కలు లేని బొమ్మ

నగరి, మంగళవారం రాత్రి

సాయంత్రం వానకు టీవీ ఆగిపోయింది. పాత యాంటెన్నా రోజుల్లో వానొస్తే బొమ్మ నిండా చుక్కలు పడేవి, ఒక మనిషి ఇద్దరుగా కనిపించేవాడు, అయినా ఏదో ఒకటి నడిచేది. ఈ డిజిటల్ ఉన్నంతసేపూ అద్దంలా ఉంటుంది, పోతే మొత్తంగా పోతుంది. చుక్కల బాధ ఉండదని నాయనకు నచ్చజెప్పి, పోయిన నెలే యాంటెన్నా గొట్టం పీకించి డిష్ పెట్టించాను.

వంటింట్లోంచి వచ్చేసరికి కుర్చీలో నాయన లేడు. మిద్దె మీద నుంచి కేక.

"వొచ్చిందా?"

పరుగెత్తాను. నాయన తడిసిన పిట్టగోడ ఎక్కి నిలబడి, అక్కడ లేని గొట్టాన్ని రెండు చేతులతో మద్రాసు టీవీ టవర్ దిక్కుకు తిప్పుతున్నాడు. ఇన్నాళ్లూ వయసుతో వచ్చిన మతిమరుపే అనుకున్నాను. ఇది మతిమరుపేనా?

"దిగు నాయనా, జారిపోతావు!"

వినలేదు. మా ఇంట్లో ఎప్పుడూ అంతే, బొమ్మ వచ్చిందని కింద నుంచి చెప్పేదాకా పైనున్నవాళ్లు గొట్టం వదలకూడదు. దగ్గరికి పోతే బెదిరి వెనక్కి అడుగేస్తాడేమోనని భయం. గబగబా కిందికి దిగి, చిన్నప్పటిలాగే కిటికీలోంచి అరిచాను.

"వొచ్చింది నాయనా! బాగా తెలస్తా ఉండాది! దిగొచ్చెయ్!"

దిగి వచ్చాడు. నేను తల తుడుస్తుంటే, నల్లగా ఉన్న తెరను చూసి తృప్తిగా నవ్వాడు.

"ఇప్పుడు బాగుండాది సూడు పాపా. ఒక్క సుక్క కూడా లేదు."

మిద్దె తలుపుకు తాళం వేశాను. మళ్లీ వాన మొదలైంది.