చాప కింద కూర్చున్న పాస్టరు గురించి

సవాయీ దీవి, పడమటి తీరం.
బిషప్ గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: నా భర్త పాస్టరు ఫిలెమోనికి రెండవసారి గురుపట్టం ఇవ్వవలెనన్న ఉత్తర్వు రద్దు చేయుట గురించి.

1. మా ఊరి సంఘం కిందటేడు తమ డయోసిస్‌లో కలిసినది. నా భర్తకు పట్టం ఇచ్చినది బిషప్ కాదు, మా పాత సంఘ పెద్దలు. కావున అది చెల్లదనీ, వచ్చే ఆదివారం తమరు వచ్చి మళ్ళీ ఇచ్చెదరనీ తమ ఉత్తర్వు నిన్న అందినది.

2. అది చదివాక ఆయన భోజనం ముందు ప్రార్థన చేయలేదు. చేమదుంపలు చల్లారిపోయాయి. "లూపే, ఇన్నేళ్ళూ నేను పంచింది ఉత్త రొట్టేనా?" అని మాత్రం అడిగారు. మా అబ్బాయి ఎనోసా జ్వరంతో పోయే ముందు ఆఖరి ప్రభురాత్రి భోజనం ఆయన చేతినుంచే తీసుకున్నాడు. పట్టం చెల్లకపోతే వాడు తిన్నది కూడా ప్రభువు శరీరం కాదు, ఉత్త రొట్టే అని ఆయన దిగులు.

3. మా దగ్గర తప్పు చేసినవాడు నేత చాప నెత్తిన కప్పుకొని, బాధపడినవారి ఎదుట కూర్చుంటాడు. వారు క్షమించి చాప ఎత్తేవరకూ లేవడు. ఈ ఉదయం నా భర్త మా పెళ్ళి చాప కప్పుకొని, ఊరి సభాశాల ముందు ఎండలో కూర్చున్నారు.

4. ఎవరూ ఎత్తుట లేదు. ఊరి పెద్ద తుయాలా గారు, "ఎత్తితే నువ్వు మమ్మల్ని మోసం చేశావని ఒప్పుకున్నట్టే కదయ్యా! మేం ఒప్పుకోం. లే, టీ తాగుదువుగాని" అని కసిరారు. పొరుగింటి పేపే నవ్వించబోయింది: "పాస్టరు గారూ, మీరు చేసిన మా పెళ్ళి కూడా చెల్లదా? చెల్లదంటే ఇప్పుడే చెప్పండి, మా ఆయన్ని వాళ్ళమ్మ ఇంటికి తోలేస్తాను!" అందరూ నవ్వారు. చాప కదలలేదు. పేపే ఏడ్చుకుంటూ వెళ్ళింది.

5. ఆయనకు షుగరు ఉన్నది. నీళ్ళు ఇస్తే గిన్నె పక్కకు జరిపారు.

కావున తమరు స్వయంగా వచ్చి, మొదటి పట్టం చెల్లునని ఆయన చెవిన పడేటట్లు చెప్పవలెనని ప్రార్థన. అది వీలుకాకపోతే, పట్టం ఎన్నిసార్లయినా ఇవ్వండి అయ్యా, కానీ ఎనోసా తిన్నది ప్రభువు శరీరమేనని ఒక్క మాట చెప్పండి. నా మాట ఆయన నమ్మడం లేదు.

ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లూపే, ఫిలెమోని భార్య

తా.క. ఆ రొట్టెలు కాల్చినది నేను. ఆయనది తప్పయితే నాదీ తప్పే. ఈ కాగితం ఫెర్రీ పడవకు పంపి నేనూ ఆయన పక్కకు వెళ్తున్నాను. చాప పెద్దదే, ఇద్దరికీ సరిపోతుంది.