మగ్గం ఇంట్ల మసి

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. హైదరాబాదుల నా చదువేందో నీకు చెప్పనే లేదు. బొగ్గు కడ్డీలను కరెంటుతోటి కాల్చి మసి తీస్తున్న. ఆ మసితోటి ఎండ నుంచి కరెంటు పుడ్తదేమోనని చూస్తున్నం. ఆర్నెల్లకు చిన్న సీసెడు అయింది. హాస్టల్ల ఎవరన్న పారేస్తరని భయపడి గద్వాలకు తెచ్చి, మగ్గం పక్కన గూట్ల పెట్టిన.

పొద్దున చూస్తే సీసా తళతళ మెరుస్తున్నది. అమ్మ మసిని మోరీల పోసి, ముగ్గుపిండితోటి తోమిందంట.

"మగ్గం ఉన్నింట్ల మసి పెడ్తరా బిడ్డా? పట్టు మీద పడితే పోతదా?" అన్నది, అచ్చం నీ లెక్కనే.

ఎల్లుండి నా చదువు చూసే సారు ఆ మసి ఏదని అడుగుతడు. ఖాళీ సీసానే సంచిల పెట్టుకున్న. ఏడాదిగా మగ్గం మీద పోగు లేదు నాయినా. అయినా దాని మీద మసి పడకుండ అమ్మ ఇంకా కాపలా కాస్తున్నది.