ముందు సీటు

వదినా,

వచ్చే వారమే కంపెనీతో కొత్త జీతాల ఒప్పందం మీద ఓటు. మన విమాన సిబ్బంది సంఘం తరఫున చర్చలకు వెళ్లింది నువ్వే కాబట్టి నిన్నే అడుగుతున్నాను. విమానం తలుపు మూశాకే మనకు జీతం మొదలవుతుంది. అంతకుముందు ప్రయాణికుల పెట్టెలు ఎంతసేపు ఎత్తినా అది ఊరికే చేసిన చాకిరీ. "అది మార్చకపోతే సంతకం పెట్టేదే లేదు" అని వెళ్లేముందు అన్నావు. ఇప్పుడు "ఈసారికి సర్దుకుపోదాంలేవే" అంటున్నావు.

మొన్న చర్చల నుంచి నా విమానంలోనే తిరిగొచ్చావు. ప్రయాణికురాలిగా ఎక్కినా ఎప్పుడూ నాతోపాటు నాలుగు పెట్టెలెత్తేదానివి. ఈసారి ఖరీదైన ముందు సీట్లో కూర్చుని, తలుపు మూసేదాకా కిటికీ వైపే చూశావు. నడుం పట్టేసిందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను, కుదరడం లేదు.

ఆ సీటు కంపెనీ ఇచ్చిందా? కాదని రాస్తే నమ్ముతాను. జవాబు రాకపోతే ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేస్తాను. ఆదివారం భోజనానికి మాత్రం మామూలుగానే వస్తాను. అన్నయ్య ముందు ఈ మాట ఎత్తను.

నీ ఆడపడుచు