అద్దాల పెట్టెలో నీలం స్వెటర్

చిట్టితల్లీ,

ఆశీస్సులు. మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నా మోకాలి గురించి అడిగావు. నిచ్చెన ఎక్కేటప్పుడు మూలుగుతుంది, దిగేటప్పుడు మొండికేస్తుంది. పాత టౌన్‌హాలును మ్యూజియం చేస్తున్నారని రాశాను కదా, వైరింగంతా నాకే అప్పజెప్పారు. పన్ను కట్టమంటే మొహం చాటేసిన ఊరు, ఇప్పుడు టికెట్టు కొని మరీ ఆ గదులు చూస్తుందట.

మేడమీది హాలు మాత్రం పిల్లల జ్ఞాపకానికి ఉంచారు. మూడేళ్ల కిందట కాలేజీ బహుమతుల సభలో బాల్కనీ కూలి మన చిన్నదీ, దాని స్నేహితులూ పోయింది అక్కడే కదా. ఒక్కొక్కరి పేరున ఒక అద్దాల పెట్టె, అందులో ఇంటివాళ్లు ఇచ్చిన వస్తువు. లోపల దీపాలు బిగించేది నేనే. పరాయివాడి చేతికి ఆ పని వదలబుద్ధి కాలేదు.

చలి మొదలైంది, నా నీలం స్వెటర్ పంపించు నాన్నా అని కూడా రాశావు. దానికి జవాబు రాయలేక ఈ ఉత్తరం రెండుసార్లు చింపాను.

అది ఇంట్లో లేదమ్మా. మ్యూజియం వాళ్లు చిన్నదాని వస్తువు ఏదైనా ఇమ్మన్నప్పుడు మీ అమ్మ ట్రంకు తెరిచింది. ఒకే ఉన్నితో మీ ఇద్దరికీ తాను అల్లిన స్వెటర్లు తీసింది. చెల్లిది ఇప్పటికీ ఉతకలేదు. దాన్ని మొహానికి ఆనించుకుని, నీది నా చేతిలో పెట్టింది.

"ఇదివ్వండి. రెండూ ఒక్కలాంటివేగా, ఎవరికి తెలుస్తుంది?"

తీసుకెళ్లి ఇచ్చేశాను.

నిన్న ఆ పెట్టెలో దీపం వేసి చూశాను. లోపల నీ స్వెటర్. కింద చెల్లి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. వెంటనే ఆర్పేశాను.

"బల్బు పోయిందా?" అని అడిగింది మ్యూజియం మేడమ్.

పోయిందన్నాను. ఇవాళా అదే మాట చెప్పాను.

వచ్చే శనివారం పెట్టెలకు సీలు వేస్తారు. ఆలోపు మార్చాలంటే మీ అమ్మ చేతుల్లోంచి చెల్లిది లాక్కోవాలి, అది నా వల్ల కాదు. నీది అక్కడే ఉంచేస్తే, బతికున్న బిడ్డను కూడా నా చేతులతో అందులో పెట్టినట్టుంది. భయంగా ఉందమ్మా.

ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఫోనులో అడిగే ధైర్యం లేక రాస్తున్నాను. ఇది అందగానే ఫోను చెయ్యి. ముందు బాగున్నానని చెప్పు. తర్వాత ఎంత తిట్టినా వింటాను.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న